కనకాంబరం రంగు పువ్వులు విచ్చాయా?

ప్రతి జూన్ నెలాఖరుకి మా అమ్మ ఫోన్లో అడిగే మొదటి ప్రశ్న పిల్లల గురించి కాదు, మా ఆయన గురించీ కాదు. "ఏమే, ఆ కనకాంబరం రంగు పువ్వులు విచ్చాయా?" అని. విచ్చాయంటే సంతోషం. ఇంకా లేదంటే "ఈ ఏడు చలి ఎక్కువ రోజులుందేమోలే" అని తనే సమాధానం చెప్పుకుంటుంది. తెనాలిలో కూర్చుని న్యూజెర్సీ చలి లెక్కలు ఎలా వేస్తుందో ఆవిడకే తెలియాలి.

ఈ ఏడు మాత్రం ఆ ప్రశ్నకి జవాబు చెప్పడం నాకు కష్టమైంది. పదహారేళ్ళు ఉన్న ఈ ఇల్లు అమ్మేస్తున్నాం. అమ్మ నాటిన ఆ మొక్కల్ని ఇక్కడే వదిలేయాలా, తవ్వి పట్టుకెళ్ళాలా అని నెల రోజులు కొట్టుకున్నాను. చివరికి ఏం చేశానో చెప్తాను గానీ, ముందు ఆ పువ్వు కథ చెప్పాలి. అది మా ఇంటి కథ కంటే చాలా పెద్దది.

మేం ఈ ఇంట్లోకి వచ్చింది 2009 వేసవిలో. నాకు అప్పుడు ఏడో నెల. పురుడు పోయడానికి అమ్మ వచ్చింది. ఆగస్టు చివర్లో ఒక సాయంత్రం పక్కింటి పెద్దావిడ పాత పేపర్లో చుట్టిన మట్టి ముద్దలాంటిది తెచ్చి అమ్మ చేతిలో పెట్టింది. ఆవిడకి తెలుగు రాదు, అమ్మకి ఇంగ్లీషు రాదు. ఆవిడ చేత్తో గొయ్యి తవ్వినట్టు చూపించింది, తరవాత ఎండ వైపు చూపించింది. అంతే, ఇద్దరికీ అర్థమైపోయింది. ఆ మొక్కని ఆవిడకి వాళ్ళ అత్తగారు ఇచ్చిందట. ముద్ద విప్పితే ఏడు పిలకలు. అమ్మ వంటింటి కిటికీ కింద వరసగా నాటేసింది.

మొక్క పేరు డేలిలీ. ఇక్కడి వాళ్ళు దీన్నే 'డిచ్ లిలీ' అని కూడా అంటారు. రోడ్డు పక్కన కాలవ గట్ల మీద తనంతట తనే పెరుగుతుంది కాబట్టి ఆ పేరు. జులైలో ఈ వైపు కారులో వెళ్ళిన వాళ్ళు తప్పకుండా చూసే ఉంటారు. పొడుగ్గా రిబ్బన్లలాంటి ఆకులు, మధ్యలోంచి నిటారుగా లేచిన కాడలు, కాడ చివర గుత్తిగా మొగ్గలు. పొద్దున విచ్చిన పువ్వు రాత్రికి ముడుచుకుపోతుంది. మన మందారంలాగా. మర్నాటికి పక్క మొగ్గ సిద్ధం. 1753లో లినేయస్ దీనికి 'హెమరోకాలిస్' అని పేరు పెట్టాడు. గ్రీకులో హెమెరా అంటే రోజు, కల్లోస్ అంటే అందం. పేరులో లిలీ ఉంది గానీ ఇది అసలు లిలీ కాదు. లిలీకి ఉల్లిపాయలాంటి దుంప ఉంటుంది, కాడ పొడుగునా ఆకులుంటాయి. దీనికి ఊరిన వేళ్ళు ఉంటాయి, ఆకులన్నీ మొదట్లోంచే విసనకర్రలా విచ్చుకుని వస్తాయి.

సెప్టెంబరులో మా రెండో అమ్మాయి పుట్టింది. నర్సు పాపని చూపించగానే అమ్మ ఒక నిట్టూర్పు విడిచింది. చిన్నదే. పక్కనున్న మా ఆయనకి వినపడి కూడా ఉండదు. నాకు మాత్రం వినపడింది. మా అమ్మకి ముగ్గురం ఆడపిల్లలం, మూడోదాన్ని నేను. నా రెండో ఆడపిల్లకే ఇంత నిట్టూర్పు వస్తే, నేను పుట్టినప్పుడు ఎంతది వచ్చి ఉంటుందో అని ఆ ఆస్పత్రి మంచం మీద పడుకుని లెక్కలు వేసుకున్నాను. అమ్మని అడగలేదు. ఆవిడ నాకు కాయం కలిపి పెట్టింది, పిల్లకి నలుగు పెట్టి నీళ్ళు పోసింది, మూణ్ణెల్లు నన్ను మంచం దిగనివ్వలేదు. అలాంటి మనిషిని ఏమని అడుగుతాం?

ఆ మర్నాడు కాదు, ఆ మరుసటేడు జూన్‌లో పువ్వులు విచ్చాయి. అప్పటికి అమ్మ వెళ్ళిపోయింది. ఫోటో పంపిస్తే "అచ్చం కనకాంబరం రంగే!" అంది. తరవాత మరో రెండుసార్లు వచ్చింది గానీ, రెండుసార్లూ పూలైపోయాకే. తను నాటిన మొక్క పూయగా అమ్మ కళ్ళారా ఒక్కసారి కూడా చూడలేదు.

ఈ పువ్వు వెనక కథ ఉందని నాకు చెప్పింది మా పెద్దదాని వయొలిన్ క్లాసులో పరిచయమైన ఒక చైనా ఆవిడ. ఒకసారి వాళ్ళింట్లో సూపు ఇచ్చింది. అందులో పొడుగ్గా, లేత గోధుమ రంగులో ఏవో తేలుతున్నాయి. ఏంటని అడిగితే ఎండబెట్టిన డేలిలీ మొగ్గలు అంది. వాటిని 'బంగారు సూదులు' అంటారట. హాట్ అండ్ సోర్ సూపులో వేసేవి ఇవే. పువ్వుని వండుకోవడం మనకి వింతేం కాదు. అరటిపువ్వు, మునగపువ్వు, అవిసెపువ్వు మనం వదిలామా? అయితే ఆవిడ తరవాత అన్న మాట నన్ను పట్టుకుంది. "మా దగ్గర ఇది అమ్మ పువ్వు" అంది.

ఇంటికొచ్చాక లైబ్రరీ పుస్తకాలు తిరగేయడం మొదలుపెట్టాను. అలా మొదలైన పని ఏళ్ళ తరబడి సాగింది.

చైనాలో 'షి జింగ్' అని చాలా పాత పాటల సంకలనం ఉంది. రెండున్నర వేల ఏళ్ళకి పైబడిన పాటలు. అందులో ఒక ఇల్లాలు మాట్లాడుతుంది. భర్త రాజుగారి యుద్ధానికి వెళ్ళాడు. అప్పట్నుంచి ఆమె తల దువ్వుకోలేదు. నూనె లేక కాదు, ఎవరు చూడాలని? దుఃఖాన్ని మరిపించే మొక్క ఎక్కడైనా దొరికితే ఇంటి వెనక నాటుకుంటాను అనుకుంటుంది. మన అలంకారశాస్త్రంలో ఈమెకి ఒక పేరుంది. అష్టవిధ నాయికల్లో ప్రోషితభర్తృక. భర్త దూరదేశం పోయినామె. మనవాళ్ళు ఆమెకి పేరు పెట్టి, జుట్టు విరబోయించి, బొమ్మలు గీశారు. చైనా ఆవిడ మాత్రం ఒక మొక్క అడిగింది. ఆ మరిపించే మొక్క డేలిలీయే అని తరవాతి పండితులు చెప్పారు. ఇప్పటికీ చైనాలో దాని ఇంకో పేరుకి 'బెంగ మరిపించే మొక్క' అనే అర్థం.

ఆ పాటలో ఇంటి వెనక అన్న చోటు ఉత్తరం వైపు గది. పాత చైనా ఇళ్ళలో అది ఇంటి ఇల్లాలి చోటు. అలా అలా ఈ మొక్క అమ్మకి గుర్తయిపోయింది. ఎదుటివాళ్ళ తల్లిని గౌరవంగా చెప్పాల్సి వస్తే 'డేలిలీ మందిరం' అనే అర్థం వచ్చే మాట వాడేవారు. మనం 'మాతృశ్రీ' అన్నట్టు. దూరం వెళ్ళే కొడుకు, అమ్మ బెంగ పెట్టుకోకుండా ఉండాలని ఆమె గది ముందు ఈ మొక్క నాటి వెళ్ళేవాడని చెప్పుకుంటారు.

మరి బెంగ పోయేదా? మెంగ్ జియావో అని 8వ శతాబ్దపు కవి ఒకాయన ఉన్నాడు. ఆయన చెప్పింది చదివి నేను పుస్తకం మూసేసి కాసేపు ఊరికే కూర్చున్నాను. కొడుకు ఎక్కడో లోకం చివర ఉన్నాడు, మెట్ల దగ్గర డేలిలీలు ఉన్నాయి, తల్లి గుమ్మానికి ఆనుకుని దారి వైపు చూస్తోంది, పువ్వు ఆమె కళ్ళకి ఆనడం లేదు. ఇదీ సంగతి. మా తెనాలి ఇంటి గుమ్మం, ఫోను పక్కన పెట్టుకుని కూర్చునే మా అమ్మ నాకు కనిపించారు.

ఇంతవరకూ బాగానే ఉంది. తరవాత ఇంకో పేరు తగిలింది. 'యీనాన్'. మగపిల్లాణ్ణి ఇచ్చేది అని అర్థం. గర్భిణి ఈ పువ్వు ఒంటి మీద పెట్టుకుంటే కొడుకు పుడతాడని నమ్మేవారు. 1596లో అచ్చయిన లీ షిజెన్ గారి పెద్ద వైద్య గ్రంథంలో కూడా ఈ పేరు ఉంది.

నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఒళ్ళు మండింది. నిండు నెలలతో ఉన్న నేను, ఇంటి చుట్టూ ఏడు పిలకలు నాటిన మా అమ్మ, ఆ తరవాత ఆ నిట్టూర్పు! అమ్మకి ఈ నమ్మకం సంగతి తెలిసే అవకాశమే లేదు. అయినా ఎక్కడి చైనా, ఎక్కడి తెనాలి, ఆడదాని ఒడిలోకి కొడుకుని రప్పించాలన్న తాపత్రయం మాత్రం ఒకటే అనిపించింది. అదే పువ్వుని బెంగ మరిచిపో అని అమ్మకిచ్చారు, కొడుకుని కను అని కోడలికిచ్చారు. ఆ బెంగలో సగం ఎక్కడినుంచి వచ్చిందో మాత్రం ఎవరూ అడిగినట్టు లేదు.

ఈ మొక్క 16వ శతాబ్దానికి యూరప్ చేరింది. అక్కడి మూలికల పుస్తకాల్లో పసుపు రకం, నారింజ రకం రెండూ కనిపిస్తాయి. యూరప్ నుంచి వలస వచ్చినవాళ్ళతో అమెరికాకి వచ్చింది. ఇక్కడే నాకు బాగా నచ్చిన విషయం ఒకటుంది.

ఈ నారింజ రంగు డేలిలీ గింజ కట్టదు. మన అరటి ఎందుకు గింజ కట్టదో ఇదీ అందుకే. మామూలు డేలిలీకి క్రోమోజోములు రెండు జతలుగా 22 ఉంటే, దీనికి మూడేసి చొప్పున 33 ఉన్నాయి. న్యూయార్క్ బొటానికల్ గార్డెన్‌లో 1911 నుంచి పనిచేసిన స్టౌట్ అనే శాస్త్రవేత్త ఏళ్ళ తరబడి ఈ గొడ్డుమొక్క రహస్యం వెతికాడు. దీనికి 'యూరోపా' అని పేరు పెట్టింది కూడా ఆయనే. గింజ లేకపోతే మరి ఊళ్ళకి ఊళ్ళు ఎలా పాకింది? పిలకల వల్ల. వరదలో కొట్టుకొచ్చిన ముక్కలు కొన్ని, రోడ్డు పని మట్టిలో వచ్చినవి కొన్ని ఉండచ్చు. ఎక్కువ భాగం మాత్రం మనుషుల చేతుల మీదుగా వచ్చినవే. ఒకరు తవ్వి ఇస్తే ఇంకొకరు నాటుకున్నవి. బళ్ళ మీద పశ్చిమానికి వెళ్ళిన కుటుంబాలు సామానుతో పాటు ఈ వేళ్ళని కూడా పట్టుకెళ్ళాయి. ఎండినా చావవు, వారాల తరబడి ఆగుతాయి. ఇప్పటికీ అడవి మధ్యలో ఒకచోట గుబురుగా డేలిలీలు కనిపిస్తే, అక్కడ ఒకప్పుడు ఇల్లు ఉండేదని లెక్క. గోడలు పోయాయి, కప్పు పోయింది, మనుషుల పేర్లు పోయాయి. పువ్వు మాత్రం ఏటా జులైలో వస్తూనే ఉంది. ఒక్కరోజు పువ్వంటే నమ్మబుద్ధి కాదు.

స్టౌట్ గారికి చైనా నుంచి రకరకాల మొక్కలు వచ్చేవి. వాటిని కలిపి కలిపి 1934లో 'థెరాన్' అనే మొదటి ఎర్ర డేలిలీని లోకానికి ఇచ్చాడు. అదే ఏడు డేలిలీల మీద పుస్తకం కూడా రాశాడు. దీన్ని ఇంటింటి పువ్వుగా చేసినవాళ్ళలో మాత్రం మనలాంటి ఆడవాళ్ళు చాలామంది ఉన్నారు.

అయోవా రాష్ట్రంలో షెనండోవా అని చిన్న ఊరు. అక్కడ విత్తనాల వ్యాపారి హెన్రీ ఫీల్డ్ 1924లో కేఎఫ్ఎన్ఎఫ్ అనే రేడియో స్టేషన్ పెట్టాడు. ఆయన అక్క చెల్లెళ్ళు అందులో మాట్లాడేవారు. లియానా డ్రిఫ్ట్‌మియర్ వంటలూ పిల్లల సంగతులూ చెప్పేది. హెలెన్ ఫీల్డ్ ఫిషర్ పూలమొక్కల గురించి చెప్పేది. చుట్టూ మైళ్ళ కొద్దీ పొలాలు, పక్కిల్లు కంటికి కనిపించనంత దూరం. అలాంటి ఇళ్ళలో గిన్నెలు తోముకుంటూ వినే ఆడవాళ్ళకి ఆ గొంతులే ఇరుగూ పొరుగూ. మధ్యాహ్నం వంటయ్యాక రేడియోలో స్త్రీల కార్యక్రమం వింటూ బియ్యం ఏరిన మన అమ్మలూ అమ్మమ్మలూ గుర్తొచ్చారు నాకు.

1946 జులైలో హెలెన్ కార్యక్రమం వినే పూల పిచ్చివాళ్ళు షెనండోవాలో కలిశారు. డేలిలీల కోసం ఒక సంఘం పెట్టుకున్నారు. అదే తరవాత అమెరికన్ హెమరోకాలిస్ సొసైటీ అయింది. ఇవాళ ప్రపంచంలో కొత్త డేలిలీ రకం ఏది వచ్చినా దాని దగ్గరే పేరు రాయించాలి. ఆ చిట్టాలో ఇప్పటికి లక్షకి పైగా రకాలు చేరాయి. సభ్యులు ఉత్తరాల కట్ట ఒకటి ఊరూరా తిప్పేవారు. కట్ట మీ ఇంటికి రాగానే అందరివీ చదివి, మీ పాత ఉత్తరం తీసేసి, కొత్తది పెట్టి తరవాతి వాళ్ళకి పంపాలి. ఈ పద్ధతిని రౌండ్ రాబిన్ అంటారు. మన వాట్సాప్ గ్రూపు అనుకోండి, కాకపోతే స్టాంపు అంటించిన గ్రూపు.

లూసియానాలో ఎడ్నా స్పాల్డింగ్ అని ఇంకొకావిడ. లాబొరేటరీ లేదు, సొంత పెరట్లో సొంత చేత్తో పుప్పొడి అద్ది కొత్త రకాలు తీసింది. ఆవిడ 'లగ్జరీ లేస్' 1959లో వచ్చింది. లేత గులాబీ ఊదా, గొంతులో పచ్చదనం, రేకుల అంచున లేసు కుట్టినట్టు ముడతలు. 1965లో దానికి స్టౌట్ మెడల్ వచ్చింది. డేలిలీల్లో అంతకు మించిన బహుమతి లేదు.

ఇక మా పెరటికి వస్తాను. పక్కింటి పెద్దావిడ నాలుగేళ్ళ క్రితం పోయింది. ఇల్లు కొన్నవాళ్ళు పెరడంతా చదును చేయించి గడ్డి వేయించారు. అంటే ఆవిడ అత్తగారి మొక్క ఇప్పుడు బతికి ఉన్నది నాకు తెలిసి మా వంటింటి కిటికీ కిందే. అది తెలిశాక వదిలి వెళ్ళడం నావల్ల కాలేదు. ఒకమాట చెప్పాలి. ఇక్కడ ఇల్లు అమ్మితే నేలలో నాటిన మొక్కలు కూడా ఇంటితో పాటు కొన్నవాళ్ళవే. అందుకని ముందే అడిగి కాగితంలో రాయించాం. కొన్నామె నవ్వి, "నాకూ కాసిని ఉంచండి" అంది.

ఆగస్టు చివరి శనివారం నేనూ ఇద్దరమ్మాయిలూ తవ్వాం. పూలైపోయాక, ఎండ కాస్త తగ్గాక తవ్వితే మంచును తట్టుకునేలోపు వేళ్ళు పట్టుకుంటాయి. మీకు పనికొస్తుందని పద్ధతి చెప్తున్నాను. మొదలుకి జానెడు దూరంలో చుట్టూ ఫోర్క్ దించి ముద్దని మొత్తంగా పైకి లేపండి. నీళ్ళ గొట్టంతో మట్టి కడిగేస్తే ఏ పిలక ఎక్కడ అతుక్కుందో కనిపిస్తుంది. చేత్తో అటూ ఇటూ ఊపుతూ విడదీయండి, రాకపోతే చాకు పెట్టండి. ఆకుల్ని అరడుగు ఉంచి కోసేయండి. నాటేటప్పుడు ఆకూ వేరూ కలిసే చోటు అంగుళం కంటే లోతుకి వెళ్ళకూడదు, వెళ్తే పూయడం మానేస్తుంది. మొక్కకీ మొక్కకీ అడుగున్నర, రెండడుగులు. రోజుకి ఆరు గంటల ఎండ. నాటిన కొత్తలో, మొగ్గల టైములో నీళ్ళు తప్పనిసరి, మిగతా అప్పుడు మొండిది. మూడు నుంచి అయిదేళ్ళకోసారి ఇలా విడదీస్తూ ఉంటే పూలు తగ్గవు.

జాగ్రత్తలు కూడా ఉన్నాయి. జింకలకి ఈ మొగ్గలంటే ప్రాణం, ఒక్క రాత్రిలో వరసంతా నున్నగా చేసేస్తాయి. పిల్లులున్న ఇంట్లో అసలు పెట్టకండి, కొంచెం నమిలినా వాటి కిడ్నీలు పోతాయి. ఈ నారింజ రకం ఒకసారి పాకితే ఆగదు, అడవి అంచున నాటకండి. రోడ్డు పక్కవి కోసి వండకండి, మందులు కొట్టి ఉంటారు. కూరకి షాపులో ఎండు మొగ్గలు కొనుక్కోవడమే క్షేమం. మన ఊళ్ళలో పెంచాలనుకుంటే చలికి ఆకు రాల్చే రకాలు కాకుండా ఏడాదంతా పచ్చగా ఉండే ఎవర్‌గ్రీన్ రకాలు అడగండి, మధ్యాహ్నం ఎండ తగలని చోట పెట్టండి.

ఏడు పిలకలు నాటిన చోట డెబ్భై రెండు వచ్చాయి. లెక్కపెట్టింది మా రెండోదే. గట్టు మీద కూర్చుని, మోకాళ్ళ దాకా మట్టితో, "అమ్మా, నేను పుట్టిన నెలలో నాటినవి కదూ ఇవి?" అంది. అవునన్నాను. ఆ నిట్టూర్పు పదహారేళ్ళుగా నా దగ్గరే ఉంది. ఆ రాత్రి అమ్మకి ఫోన్ చేశాను. చైనా అమ్మల కథంతా చెప్పాను. కొడుకుని ఇచ్చే పువ్వు అన్నప్పుడు "ఓసి వాళ్ళ బడాయి!" అని నవ్వింది. అప్పుడు అడిగేశాను.

"అమ్మా, చిన్నది పుట్టినప్పుడు నువ్వు నిట్టూర్చావు. ఎందుకు?"

"నేనా? ఎప్పుడే?"

"ఆస్పత్రిలో. నర్సు చూపించినప్పుడు."

కాసేపు మాట లేదు. "నాకు గుర్తులేదే అమ్మాయ్," అంది. "పిల్లకి తల నిండా జుట్టు ఉందని గుర్తుంది. బయట వాన పడుతోందని గుర్తుంది. నాటిన పిలకలు కుళ్ళిపోతాయేమో అనుకున్నాను."

నిజంగానే మరిచిపోయిందో, మరిచిపోయానని చెప్పడమే మర్యాద అనుకుందో నాకు తెలీదు. ముగ్గురాడపిల్లల్ని కన్నందుకు ఆవిడ ఎవరెవరి దగ్గర ఏమేం విందో కూడా నాకు తెలీదు. ఒకటి మాత్రం తెలిసింది. ఇన్నేళ్ళూ దాన్ని పట్టుకుని ఉన్నది నేనొక్కదాన్నే. ఆవిడకి గుర్తున్నవి జుట్టూ, వానా, పిలకలూ.

"ఏడూ బతికాయా?" అని అడిగింది.

"ఏడు డెబ్భై రెండయ్యాయమ్మా."

"చాల్లే, అన్నీ మీరే పెట్టుకోకండి. కొన్నావిడకి ఇరవై వదిలెయ్. పెద్దది తనకంటూ ఇల్లు చూసుకున్నాక దానికో పది. అవునుగానీ, కొత్తింట్లో వంటింటి వైపు ఎండ వస్తుందా?"

వస్తుందన్నాను. ఇరవై నాలుగు ఇక్కడే వదిలాను. మిగతావి పాత పేపర్లలో చుట్టి గరాజ్‌లో పెట్టాను. వచ్చే వారం సామాన్ల కంటే ముందు అవే కారెక్కుతాయి. జూన్ నెలాఖరుకి అమ్మ ఫోన్ చేస్తుంది. ఆ ఏడు పూయకపోయినా ఫరవాలేదు, తవ్విన మొదటి ఏడు కొన్ని పూయవు. అప్పుడు ఏం చెప్పాలో ఆవిడే చెప్తుంది.